విదేశంలో సైకిల్ టూర్ల కంపెనీ పెడదాం అనుకున్నాం: లెక్క ఎక్కడ తేడా కొట్టిందో చెప్తా

వీడియో మొత్తం చూసే టైం లేని వాళ్ల కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాం. మాట్లాడినప్పుడు తడబడిన చోట్ల కొంచెం సరిచేశాను, అంతే.

ఈసారి టాపిక్ కొంచెం పర్సనల్. మీలో చాలామంది అడుగుతున్నారు, "అన్నా, జాబ్ మానేశావు కదా, ఫ్రాన్స్‌లో సైకిల్ టూర్ల బిజినెస్ పెడతా అన్నావు, ఏమైంది?" అని. ఏమైందో ఇవాళ చెప్తాను. ఊరికే కథలా కాదు, లెక్కలతో సహా. ఎందుకంటే ఇలాంటి ఐడియా మీకూ రావచ్చు. సైకిల్ కాకపోతే ట్రెక్కింగ్, ట్రెక్కింగ్ కాకపోతే ఫోటోగ్రఫీ టూర్. లోపలి లెక్క మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే.

నా దగ్గర పక్కన పెట్టుకున్నవి 11 లక్షలు. బీటెక్‌లో నా రూమ్మేట్ ఒకడు ఎంఎస్ కోసం ఫ్రాన్స్ వెళ్లి, అక్కడే ఉద్యోగంలో సెటిల్ అయ్యాడు. వాడి దగ్గర 15 వేల యూరోలు. ఇద్దరికీ సైకిల్ పిచ్చి. నాది హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద ముదిరింది, వాడిది ఆల్ప్స్‌లో. "మామా, నువ్వు మార్కెటింగ్ చూసుకో, నేను ఇక్కడ గ్రౌండ్ చూసుకుంటా" అన్నాడు. అప్పుడు ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాం.

విషయం చెప్పగానే మా అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అక్కడ ఎవరన్నా కింద పడి కాలు విరగ్గొట్టుకుంటే బాధ్యత ఎవరిదిరా? నీదేనా?" నేను నవ్వేశాను. తర్వాత మూడు నెలలు యూరప్ చట్టాలు చదివితే తేలింది ఏంటంటే, మా అమ్మ అడిగిందే అసలు ప్రశ్న.

ముందు, మనం అమ్మేది ఏంటి?

బిజినెస్ పెట్టే ముందు నేనే ఒక కస్టమర్‌గా వెళ్లాను. దక్షిణ ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్ అనే ప్రాంతం. అక్కడ మోన్ వాంటూ అని ఒక కొండ ఉంది, ఎత్తు 1,900 మీటర్లకు పైనే. టూర్ ద ఫ్రాన్స్ రేసు చూసేవాళ్లకి తెలిసే ఉంటుంది. ఎక్కడానికి తారు రోడ్లు మూడు. బెదువాన్ అనే ఊరి నుంచి ఒకటి, మలోసెన్ నుంచి ఒకటి, సో నుంచి ఒకటి. అవును, ఊరి పేరే సో. నేను మాట మాటకీ అనే సో కాదు. ఈ మూడింటిలో సో నుంచి వెళ్లేది కాస్త తేలిక. బెదువాన్ వైపు నుంచి అయితే 21 కిలోమీటర్లలో సుమారు 1,600 మీటర్లు పైకి ఎక్కాలి. మన భాషలో చెప్పాలంటే తిరుమల కొండ ఎక్కి, దాని మీద ఇంకో తిరుమల కొండ పెట్టి అదీ ఎక్కినా ఇంకా కొంచెం మిగులుతుంది.

మా గ్రూపులో ఎనిమిది మంది. కొండ ఎక్కాల్సింది మూడో రోజు. పొద్దున లేచేసరికి మిస్ట్రాల్. అంటే ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దిగే చల్లటి ఈదురుగాలి. కొండ పైన చెట్లు లేవు, అంతా తెల్లటి రాళ్ల గుట్ట. ఆ గాలికి సైకిల్ కాదు, మనిషే నిలబడలేడు. అందరి మొహాలు వాడిపోయాయి, ఎందుకంటే అందరూ వచ్చిందే దానికోసం.

మా గైడ్ కంగారు పడలేదు. బ్రేక్‌ఫాస్ట్ దగ్గరే ఫోన్ తీసి, రెండు కాల్స్ చేసి, ఆ రోజు ప్లాన్‌ని ఐదో రోజుకి మార్చేశాడు. మధ్యాహ్నం భోజనం ఇంకో ఊరికి మార్చాడు. మమ్మల్ని నెస్క్ లోయ రోడ్డు మీదకి తీసుకెళ్లాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, రోడ్డు మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. మాలో సగం మందికి వారం మొత్తంలో బాగా నచ్చిన రోజు అదే.

అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, రూట్ మ్యాప్ ఫ్రీగా దొరుకుతుంది. హోటల్ మనమే బుక్ చేసుకోవచ్చు. సైకిల్ అద్దెకి ఇచ్చే షాపులు ఊరికి రెండు ఉన్నాయి. అయినా డబ్బులు ఎందుకు ఇచ్చాం? గాలి వచ్చిన పొద్దున "ఇప్పుడేం చేద్దాం" అనే ప్రశ్న మన తల మీద లేకుండా ఉండటానికి. అంటే ఈ బిజినెస్‌లో అమ్మేది సైకిల్ రైడ్ కాదు, బాధ్యత. వేరేవాళ్ల టెన్షన్ మనం మోస్తాం, దానికి వాళ్లు డబ్బులిస్తారు.

ఇక్కడ ఇంకో మాట. టూర్ ద ఫ్రాన్స్ అంత పెద్ద రేసుకే 2016 జూలై 14న ఇదే కొండ మీద ఫినిష్ లైన్‌ని సుమారు 6 కిలోమీటర్లు కిందికి, షాలే రేనార్ అనే చోటికి జరపాల్సి వచ్చింది. కారణం గాలే. అదే కొండ మీద 1967 జూలై 13న, మండుటెండలో, టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ రేసర్ రేసు మధ్యలోనే కుప్పకూలి చనిపోయాడు. ఆ రోజుల్లో రేసర్లు వాడే ఉత్ప్రేరకాలు కూడా అందుకు ఒక కారణం. శిఖరానికి కిలోమీటరు పైచిలుకు దూరంలో ఆయన స్మారకం ఉంది. అక్కడ ఆగినప్పుడు మా గైడ్ అందరి వాటర్ బాటిళ్లూ చెక్ చేశాడు. కొండ అందంగా ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

చట్టం దృష్టిలో మీరు ఎవరు?

మేం అనుకున్నది సింపుల్. హోటల్ వాళ్లది హోటల్ వాళ్లే చూసుకుంటారు, సైకిల్ షాపుది సైకిల్ షాపే చూసుకుంటుంది, మేం మధ్యలో కలిపేవాళ్లం. స్విగ్గీ లాగా అన్నమాట. ఇది తప్పు.

యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజ్ ట్రావెల్ మీద 2015 నాటి డైరెక్టివ్ ఒకటుంది. 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని సారాంశం ఇది. బస, ప్రయాణం, వాహనం అద్దె, గైడెడ్ టూర్ లాంటి ఇతర టూరిస్టు సర్వీసు, వీటిలో ఏ రెండు రకాలైనా ఒకే ట్రిప్ కోసం కలిపి ఒకే ధరకి అమ్మారంటే అది ప్యాకేజీ. ట్రిప్ 24 గంటలు దాటినా, మధ్యలో ఒక రాత్రి బస ఉన్నా చట్టం వర్తిస్తుంది. హోటల్ ప్లస్ గైడ్ అన్నామా, అయిపోయింది. మనం "ఆర్గనైజర్".

ఆర్గనైజర్ అయితే ఏంటి? మూడు ముఖ్యమైనవి చెప్తాను.

ఒకటి. హోటల్ వాడు రూమ్ ఇవ్వకపోయినా, అద్దె సైకిల్ సరిగ్గా లేకపోయినా, కస్టమర్ ముందు జవాబుదారీ మీరే. ముందు మీరు సర్దాలి, తర్వాత హోటల్‌తో మీరు కొట్టుకోవాలి. స్విగ్గీ మోడల్ ఇక్కడ నడవదు.

రెండు. మీ కంపెనీ మునిగిపోతే కస్టమర్ల డబ్బు వెనక్కి రావడానికి ముందే హామీ చూపించాలి. ఎందుకు అంత కఠినం అంటే, 2019 సెప్టెంబర్ 23న థామస్ కుక్ అనే బ్రిటిష్ టూర్ కంపెనీ మూతపడినప్పుడు సుమారు లక్షన్నర మంది బ్రిటిష్ టూరిస్టులు విదేశాల్లో ఉన్నారు. వాళ్లని ఇళ్లకి చేర్చడానికి ప్రత్యేకంగా విమానాలు నడపాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలకే అలా అయితే మనమెంత. ఫ్రాన్స్‌లో అయితే అతూ ఫ్రాన్స్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి. దానికి ఆర్థిక హామీ, వృత్తి బాధ్యత ఇన్సూరెన్స్, రెండూ ఉండాలి.

మూడు. ఇది చిన్న కంపెనీలకి చాలా ముఖ్యం. "కనీసం ఇంతమంది వస్తేనే టూర్" అని కాంట్రాక్టులో ముందే రాసుకోవచ్చు. ఆ సంఖ్య నిండకపోతే నష్టపరిహారం లేకుండా, కట్టిన డబ్బు మొత్తం తిరిగిచ్చి క్యాన్సిల్ చేయొచ్చు. కానీ గడువు ఉంది. ఆరు రోజులు దాటిన ట్రిప్ అయితే మొదలయ్యే 20 రోజుల ముందే చెప్పాలి. రెండు నుంచి ఆరు రోజులదైతే 7 రోజులు. రెండు రోజుల లోపుదైతే 48 గంటలు. ఈ 20 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ముందు తొక్కేవాడికి కాగితం కావాలి

నా ప్లాన్‌లో గైడ్ ఎవరు? మా వాడే. బాగా తొక్కుతాడు, ఫ్రెంచ్ వచ్చు, దారులు తెలుసు. ఇంకేం కావాలి?

ఫ్రాన్స్‌లో ఇంకా కావాలి. అక్కడి క్రీడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఎవరికైనా ఆట నేర్పినా, దగ్గరుండి నడిపించినా, దానికి తగ్గ డిప్లొమా ఉండాలి, ప్రొఫెషనల్ కార్డు ఉండాలి. సైకిల్ గైడింగ్ కూడా అందులోకే వస్తుంది. అవి లేకుండా చేస్తే ఏడాది జైలు, 15 వేల యూరోల జరిమానా దాకా శిక్ష రాసి ఉంది. "ఫ్రెండ్లీగా తోడు వెళ్తున్నాం" అంటే కుదరదు, టూర్ డబ్బులు తీసుకున్నారు కదా.

మొదట నాకు కోపం వచ్చింది. సైకిల్ తొక్కడానికి డిప్లొమా ఏంటి అని. తర్వాత మా టూర్‌లో జరిగింది గుర్తొచ్చింది. నాలుగో రోజు దిగేటప్పుడు మలుపులో ఒకాయన ఇసుక మీద జారి పడ్డాడు. గైడ్ ముందు చేసిన పని ఆయన్ని లేపడం కాదు. మాలో ఒకరిని పైకి, ఒకరిని కిందికి పంపి రోడ్డు మీద వచ్చే బండ్లని ఆపించాడు. ఆ తర్వాత మెడ కదపొద్దని చెప్పి, 112కి ఫోన్ చేసి, కిలోమీటరు రాయి నంబర్‌తో సహా చోటు చెప్పాడు. నేనైతే ఏం చేసేవాడిని? నిజం చెప్తున్నా, చెయ్యి ఇచ్చి లేపేసేవాణ్ణి. ఆయనకి భుజం ఎముక విరిగింది, మిగతాదంతా బాగానే ఉంది. డిప్లొమా ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఒక వారం లెక్క

ఇవి మా షీట్‌లో మేం వేసుకున్న అంచనాలు. మీ ఊరు, మీ హోటల్, మీ సీజన్‌ని బట్టి మారతాయి. కానీ ఆకారం చూడండి. యూరోని వంద రూపాయలు అనుకోండి, లెక్క ఈజీగా ఉంటుంది.

ఏడు రాత్రుల టూర్, మనిషికి ధర 1,500 యూరోలు. ఒక్కో మనిషి మీద మనకయ్యే ఖర్చు: రూమ్ షేరింగ్, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి రాత్రికి 70 చొప్పున 490. నాలుగు డిన్నర్లు 120. దారిలో తిండి 40. ఆరు రోజుల సైకిల్ అద్దె 210. కార్డ్ పేమెంట్ ఛార్జీలు 30. మొత్తం 890. అంటే మనిషికి చేతిలో మిగిలేది 610.

ఎంతమంది వచ్చినా మారని ఖర్చు: సామాన్ల వ్యాన్ అద్దె, డీజిల్ కలిపి 850. అర్హత ఉన్న గైడ్‌కి రోజుకి 200 చొప్పున ఆరు రోజులకి 1,200. గైడ్‌కి, వ్యాన్ నడిపేవాడికి బస, భోజనం 1,120. మొత్తం 3,170.

ఇప్పుడు చూడండి. ఐదుగురు వస్తే 3,050. వారానికి 120 నష్టం. ఆరుగురు వస్తే 490 లాభం. ఎనిమిది మంది వస్తే 1,710 లాభం. ఒక్క మనిషి తేడాతో లాభం నష్టం అయిపోతుంది.

ఇక్కడే ఆ 20 రోజుల నంబర్ మళ్లీ వస్తుంది. టూర్‌కి ఇంకా 21 రోజులు ఉంది, ఐదుగురే బుక్ చేశారు. ఏం చేస్తారు? ఆరో మనిషి వస్తాడని ఆగితే రేపటితో గడువు అయిపోతుంది, తర్వాత నష్టానికైనా నడపాల్సిందే. క్యాన్సిల్ చేస్తే చట్టప్రకారం ఇబ్బంది లేదు, కానీ ఆ ఐదుగురూ ఫ్లైట్ టికెట్లు కొనేసి ఉంటారు. మళ్లీ మీ దగ్గరికి రారు, ఇంకెవరికీ మంచిగా చెప్పరు. చిన్న కంపెనీ నడిచేదే నోటిమాట మీద. కాబట్టి మొదటి ఏడాది ప్రతి వారం ఇదే డైలమా.

సీజన్ లెక్క చూద్దాం. కొండ పైభాగం రోడ్డు నవంబర్ నుంచి దాదాపు ఏప్రిల్ దాకా మంచు వల్ల మూసి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ మండిపోతుంది. సో దగ్గర లావెండర్ పూసేది అప్పుడే కాబట్టి జనం ఎక్కువ, రూములు రేటు ఎక్కువ. మాకు అమ్ముకోదగ్గవి 12 వారాలు తేలాయి. ఏడాది మొత్తానికి ఇన్సూరెన్స్, హామీ ఖర్చు, అకౌంటెంట్, వెబ్‌సైట్, విడి భాగాలు కలిపి 8,000 అనుకున్నాం.

12 వారాలూ, ఎనిమిది సీట్లూ నిండితే 20,520. అందులోంచి 8,000 తీసేస్తే 12,520 యూరోలు. ఇది అంతా నిండితే వచ్చేది. మొదటి ఏడాది సగం వారాలే అమ్ముడుపోతే? 2,260 యూరోలు. ఏడాది మొత్తానికి, ఇద్దరికీ కలిపి. అంటే రెండు లక్షల పాతిక వేలు. నా పాత కంపెనీలో ఫ్రెషర్‌కి కూడా ఇంతకంటే ఎక్కువే.

ఇందులో వ్యాట్ ఇంకా తీయలేదు. యూరప్‌లో టూర్ ఆపరేటర్లకి వ్యాట్ మొత్తం ధర మీద కాకుండా మార్జిన్ మీద పడుతుంది. ఫ్రాన్స్‌లో మామూలు రేటు 20 శాతం. హోటల్ బిల్లులో కట్టిన వ్యాట్ మాత్రం వెనక్కి రాదు.

ఇంకో గొయ్యి కూడా ఉంది. అక్కడ చిన్న వ్యాపారాలకి మైక్రో అని ఈజీ పద్ధతి ఉంది. మన దగ్గర టర్నోవర్ మీద లాభం అంచనా వేసే పద్ధతి ఉన్నట్టు, అక్కడ సామాజిక భద్రతా చందా టర్నోవర్ మీద లెక్కేస్తారు, లాభం మీద కాదు. ఒంటరిగా కోడింగ్ చేసే ఫ్రీలాన్సర్‌కి ఇది వరం. కానీ మన 12,000 టర్నోవర్‌లో 7,120 నేరుగా హోటల్‌కి, సైకిల్ షాపుకి వెళ్లిపోయే డబ్బు. మన చేతిలో ఆగని డబ్బు మీద కూడా చందా కట్టాలి. పేరు చూసి "మైక్రో కదా, మనకే" అనుకుంటే దెబ్బైపోతాం.

మరి మా వాడే డిప్లొమా తీసుకుని గైడ్ అయితే? వారానికి 1,200 మిగులుతుంది. అన్నీ నిండితే ఏడాదికి 26,920. ఇద్దరం పంచుకుంటే ఒక్కొక్కరికి 13,460. పర్లేదు అనిపిస్తుంది కదా? ఆగండి, ఇంకో గేటు ఉంది.

అసలు మనకి అక్కడ పని చేసే హక్కు ఉందా?

నా పరిస్థితి ముందు. షెంగెన్ విజిట్ వీసా అంటే 180 రోజుల్లో 90 రోజులు తిరగడానికి. పని చేయడానికి కాదు. "నా కంపెనీకి నేనే వ్యాన్ నడుపుతున్నా, జీతం తీసుకోవట్లేదు" అన్నా అది పనే. ఈ బాధ మనకే కాదు. బ్రిటిష్ వాళ్లు ఒకప్పుడు ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో ఇలాంటి చిన్న టూర్ కంపెనీలు హాయిగా పెట్టుకునేవాళ్లు. 2021 జనవరి 1 నుంచి, బ్రెగ్జిట్ తర్వాత, కొత్తగా వెళ్లేవాళ్లకి అదే 90 రోజుల రూల్.

మా వాడి పరిస్థితి ఇంకా సున్నితం. వాడి దగ్గర ఉన్నది ఉద్యోగం మీద వచ్చిన రెసిడెన్స్ కార్డు. ఆ కార్డు ఇచ్చింది ఆ ఉద్యోగం చేయడానికి. సైడ్‌లో టూర్ కంపెనీ నడపడానికి కాదు. స్వతంత్ర వ్యాపారం చేయాలంటే ఎంట్రప్రెన్యూర్ కార్డుకి మారాలి. దానికి వ్యాపారం నిలబడుతుందని చూపించాలి, దాని మీద వచ్చే ఆదాయం కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలి. ఫ్రాన్స్‌లో కనీస వేతనం 2025లో నెలకి గ్రాస్ 1,801 యూరోల 80 సెంట్లు. ఏడాదికి 21,600 పైచిలుకు.

ఇప్పుడు మన షీట్‌లో నంబర్ పక్కన ఈ నంబర్ పెట్టండి. అన్నీ నిండి, సొంత గైడ్ అయ్యి, ఒక్కొక్కరికి వచ్చేది 13,460. కావాల్సింది 21,600. ఉద్యోగం వదిలి ఈ కార్డుకి మారితే, ఆ ఆదాయం చూపించలేకపోతే, తర్వాత రెన్యువల్ దగ్గర ఇబ్బంది. వాడి భార్య, రెండేళ్ల పాప, అందరూ వాడి కార్డు మీద ఆధారపడి అక్కడ ఉన్నారు.

నాకు పోయేది 11 లక్షలు. వాడికి పోయేది పదేళ్లుగా కట్టుకున్న జీవితం. షీట్‌లో ఇద్దరికీ చెరి సగం అని రాసుకున్నాం కానీ, రిస్క్ చెరి సగం కాదు. ఈ ముక్క ఫోన్‌లో వాడు నాతో చెప్పలేదు. నేనే అన్నాను. అటువైపు కాసేపు సైలెన్స్. తర్వాత "నువ్వే అనాలని చూస్తున్నా మామా" అన్నాడు. పార్ట్‌నర్‌షిప్ పెట్టే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. లాభం ఎలా పంచుకోవాలో కాదు, ఫెయిల్ అయితే ఎవరికి ఎంత పోతుందో ముందు రాసుకోండి.

మరి చిన్నగా మొదలుపెట్టే దారి లేదా?

ఉంది. మేం మూడు చూశాం.

మొదటిది, గైడ్ లేని టూర్. దీన్ని సెల్ఫ్ గైడెడ్ అంటారు. హోటళ్లు మనం బుక్ చేస్తాం, రూట్ జీపీఎక్స్ ఫైల్ ఇస్తాం, సామాన్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి టాక్సీలో పంపిస్తాం. తొక్కేది వాళ్లే. మా లెక్కలో ధర 950, ఖర్చు 820, మిగిలేది 130. తక్కువే. కానీ ఆ 3,170 స్థిర ఖర్చు లేదు. కనీస సంఖ్య గొడవ లేదు, ఇద్దరు వచ్చినా నష్టం లేదు, ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. ఏడాది ఖర్చు 8,000 రాబట్టడానికి 62 మంది కావాలి. గైడ్ డిప్లొమా అక్కర్లేదు, ఎందుకంటే నడిపించేవాడు లేడు. అయితే హోటల్, సైకిల్ కలిపి అమ్ముతున్నాం కాబట్టి ఇది కూడా ప్యాకేజీయే. రిజిస్ట్రేషన్, హామీ తప్పవు. రాత్రి పదకొండింటికి పంక్చర్ పడిందని ఫోన్ వస్తే ఎత్తాలి.

రెండోది, ఒక్క రోజు రైడ్. ఇప్పటికే బెదువాన్‌లో రూమ్ తీసుకుని ఉన్న టూరిస్టులకి పొద్దున నుంచి సాయంత్రం దాకా గైడెడ్ రైడ్. 24 గంటలు దాటదు, రాత్రి బస లేదు, కాబట్టి ప్యాకేజీ చట్టం రాదు. మనిషికి 60 చొప్పున ఆరుగురు వస్తే 360. గైడ్‌కి 200, తిండికి 30 పోతే 130 మిగులుతుంది. డిప్లొమా ఉన్న గైడ్ మాత్రం ఇక్కడా తప్పనిసరి. దీంతో ఇల్లు గడవదు, కానీ ఏ రూట్ జనానికి నచ్చుతుందో, ఎంత స్పీడ్‌లో ఒక గ్రూప్ వెళ్తుందో, చేతులు కాలకుండా నేర్చుకోవచ్చు.

మూడోది, ఆపరేటర్ కాకుండా ఉండటం. అంటే ఇక్కడ మన వాళ్లని పోగు చేసి, అక్కడ రిజిస్టర్ అయి ఉన్న ఆపరేటర్ దగ్గర నేరుగా బుక్ చేసుకోమనడం. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త. డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతోంది? మన అకౌంట్‌లో పడితే మనం అమ్మినట్టే. మన దేశంలో విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు కస్టమర్ దగ్గర టీసీఎస్ వసూలు చేసి కట్టాలి, జీఎస్టీ సంగతి వేరే. గ్రూప్ అడ్మిన్‌గా సాయం చేయడం వేరు, సెల్లర్ అవ్వడం వేరు.

మేం ఏం చేశాం?

మూడోది చేశాం. మా ఓఆర్ఆర్ సైకిల్ గ్యాంగ్ నుంచి ఆరుగురిని పోగు చేశాను. అందరూ నేరుగా అక్కడి ఆపరేటర్‌కే డబ్బు కట్టారు. నేనూ నా టికెట్ కొనుక్కుని కస్టమర్‌గానే వెళ్లాను. నాకు వచ్చింది సున్నా. కానీ నోట్‌బుక్ నిండింది.

ఉదాహరణకి, మన వాళ్లలో ముగ్గురికి శాకాహారం కావాలి. పల్లెటూరి ఫ్రెంచ్ హోటల్‌లో నాలుగు రాత్రులు వరసగా గుడ్డు ఆమ్లెట్టే పెట్టారు. అందులో ఒకరు గుడ్డు కూడా తినరు. హోటల్‌కి రెండు వారాల ముందే మెనూ రాసి పంపాలని అప్పుడు తెలిసింది. ఇంకోటి, సోలార్ ట్రాక్ మీద రోజూ నలభై కిలోమీటర్లు తొక్కేవాళ్లకి కొండ దిగడం రాదు. ఎక్కడం కాదు సమస్య, దిగేటప్పుడు బ్రేక్ పట్టుకునే ఉంటారు. మొదటి రోజు ఒక చిన్న కొండ మీద దిగడం ప్రాక్టీస్ పెట్టాలి. ఇవి ఏ ఎక్సెల్ షీట్‌లోనూ లేవు.

మా వాడు ఉద్యోగం మానలేదు. అక్కడ ఐదేళ్లు వరసగా ఉండి, మిగతా షరతులకి సరిపోతే పదేళ్ల రెసిడెంట్ కార్డుకి అప్లై చేయొచ్చు. అది వస్తే ఉద్యోగం చేసుకోవాలా వ్యాపారం చేసుకోవాలా అన్నది వాడి ఇష్టం. అప్పటిదాకా ఆగుదాం అనుకున్నాం. ఈలోగా వాడు ఫస్ట్ ఎయిడ్ కోర్సు పూర్తి చేశాడు, గైడ్ డిప్లొమాలో చేరడానికి అది ముందు కావాలి. నా 11 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. మా అమ్మకి ఈ ఎఫ్‌డీ రసీదు చూపించాను. "ఆ కింద పడ్డాయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది. భుజం బాగైంది, మళ్లీ తొక్కుతున్నాడమ్మా అని చెప్పాను.

సో, మీలో ఎవరికైనా ఇలాంటి ప్లాన్ ఉంటే, దేశం ఏదైనా సరే, ఈ వరసలో అడగండి. అక్కడ సొంతంగా వ్యాపారం చేసే హక్కు నా కార్డుకి ఉందా? నేను అమ్మేది ప్యాకేజీ అవుతుందా? ముందు నడిచేవాడికి అర్హత కాగితం ఉందా? ఎంతమంది వస్తే నష్టం ఆగుతుంది, ఆ సంఖ్య నిండలేదని ఎన్ని రోజుల ముందు చెప్పాలి? లోగో, కంపెనీ పేరు, ఇన్‌స్టా పేజీ, ఇవన్నీ తర్వాత. మేం లోగోతో మొదలుపెట్టాం, అందుకే చెప్తున్నా.

మీలో ఎవరైనా బయట దేశాల్లో టూర్ గైడ్‌గా గానీ, హోటల్ లైన్‌లో గానీ పని చేస్తుంటే మీ లెక్కలు నాకు రాయండి, తర్వాతి ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. హెల్మెట్ పెట్టుకోండి.